అల్లాకు రూపం లేదంటారు, మళ్లీ సింహాసనం ఉందంటారు. ఇదెట్లా?

ప్రశ్న అడిగిన తమ్ముడిది మిర్యాలగూడ. రూములో తనతో ఉండే దోస్తు ముస్లిం. "అల్లాకు రూపం లేదంటాడు, మళ్లీ సింహాసనం మీద ఉన్నాడంటాడు. ఒక్కడే అంటాడు, తొంభైతొమ్మిది పేర్లు చదువుతాడు. మా అమ్మా వాళ్ల అమ్మా ఇద్దరూ జాన్‌పహాడ్ దర్గాకు, సైదులు దగ్గరికి పోతారు, వీడేమో అది తప్పంటాడు. ఇంతకీ మీ దేవుడు ఎట్లుంటాడు?" అన్నది ప్రశ్న. వెక్కిరింపు లేకుండా అడిగాడు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నా సంగతి. మాది దేవరకొండ దిక్కు పల్లె. ఇంట్లో దక్కనీ, వాకిలి దాటితే తెలుగు. ముప్పై ఏళ్ల పైచిలుకు సర్కారు బడుల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మదర్సాలో చదివిన ఆలిమ్‌ను, అంటే మతపండితుణ్ణి కాను. స్టాఫ్‌రూములో ఇవే ప్రశ్నలకు జవాబులు చెప్పీ చెప్పీ, తప్పు చెప్పినప్పుడు మా ఇమాం సాబ్‌తో తిట్లు తిని, ఆ తర్వాత పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నవాణ్ణి.

ఆ తిట్లలో మొదటిదే నీ ప్రశ్నకు జవాబు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఎవరైనా అడిగితే "అల్లా అంటే మన నిర్గుణ బ్రహ్మం లాంటివాడే" అని తేలిగ్గా చెప్పేసేవాణ్ణి. తెలుగు పండితుణ్ణి కదా, మాట నోట్లోనే ఉండేది. ఒక రంజాన్ నాడు ఇఫ్తార్‌కు వచ్చిన సార్లకు ఇదే చెప్తుంటే ఇమాం సాబ్ పక్కన కూర్చుని విన్నాడు. అందరూ పోయాక పట్టుకున్నాడు. "నిరాకారుడు అను, నీ మాట ఒప్పుకుంటా. నిర్గుణుడు ఎట్లయితడు? నువ్వు దువా (వేడుకోలు) చేస్తే వినడా? వినే గుణం లేనివాడికి చేతులెందుకు ఎత్తుతున్నవ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఖురాన్ 42వ సూరా (అధ్యాయం) 11వ వాక్యం ఆ రోజు చదివించాడు. దాని చివరి మాటలో మొదటి సగం: ఆయనను పోలినది ఏదీ లేదు. రెండో సగం: ఆయన అన్నీ వినేవాడు, అన్నీ చూసేవాడు. రెండు సగాలూ ఒకే వాక్యంలో ఉన్నాయి. చాలామంది ఒక సగమే పట్టుకుంటారు. మొదటిది ఒక్కటే పట్టుకున్నవాడికి దేవుడు కరెంటు లాంటి ఏదో శక్తిగా మిగులుతాడు, దానికి నీతో పని లేదు, నీ గోడు దానికి పట్టదు. రెండోది ఒక్కటే పట్టుకున్నవాడు ఆకాశంలో పెద్ద కళ్లు, పెద్ద చెవులున్న ఒక పెద్దమనిషిని ఊహించుకుంటాడు. ఇస్లాం రెండూ వద్దంటుంది. వింటాడు, కానీ చెవితో విన్నట్టు కాదు. చూస్తాడు, కానీ కంటిపాప ఉండి కాదు. మరి ఎట్లా అంటే, ఆ ఎట్లా అన్నది మన బుద్ధికి ఇచ్చిన పరిధిలో లేదంటారు.

పండితులు ఈ గుణాలను సిఫాత్ అంటారు. జీవం, జ్ఞానం, శక్తి, సంకల్పం, వినికిడి, చూపు, వాక్కు అని ముఖ్యంగా ఏడు చెప్తారు. అబుల్ హసన్ అష్అరీ పేరు మీదుగా నడిచే సంప్రదాయం లెక్క ఇది. మన దిక్కు ముస్లింలలో ఎక్కువమంది హనఫీలు, అంటే హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయం పాటించేవాళ్లు. హనఫీలు నమ్మిక విషయంలో సాధారణంగా సమర్‌ఖండ్‌కు చెందిన అబూ మన్సూర్ మాతురీదీ బాటలో నడుస్తారు. వాళ్లు దీనికి ఎనిమిదోది కలుపుతారు, ఉనికిలోకి తెచ్చే గుణం, తక్వీన్ అని. ఇద్దరూ 10వ శతాబ్దం మొదటి సగంలో పోయినవాళ్లే. వీళ్లకు ముందు ముఅతజిలా అనే వర్గం ఉండేది. గుణాలను దేవుడి నుంచి వేరుగా లెక్కపెడితే ఒకటి కాస్తా చాలా అయిపోతాయి, ఏకత్వం చెడుతుందని వాళ్ల భయం. భయంలో అర్థం లేకపోలేదు. కానీ అదే వాదం లాగీ లాగీ ఖురాన్ దేవుడి వాక్కు అయినా సృష్టించబడినదే అనేదాకా పోయింది. 833లో ఖలీఫా మామూన్ పండితులందరితో బలవంతంగా ఆ మాట ఒప్పించాలని చూశాడు. అహ్మద్ బిన్ హంబల్ ఒప్పుకోలేదు. జైలుకు పోయాడు, తర్వాతి ఖలీఫా చేతిలో కొరడా దెబ్బలు తిన్నాడు. దేవుడి గుణం గురించిన ఒక్క మాటకు వీపు అప్పగించిన మనిషి ఆయన. ఇప్పుడు ఫోనులో రెండు నిమిషాల వీడియో చూసి తేల్చేసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇక సింహాసనం. ఖురాన్‌లో అర్ష్ అనే మాట ఉంది, రహ్మాన్ (కరుణామయుడు, అల్లా పేర్లలో ఒకటి) అర్ష్ మీద ఆసీనుడయ్యాడని 20వ సూరాలో ఉంది. అల్లా చెయ్యి అన్న మాట కూడా ఉంది. మదీనాలో పాతకాలపు పెద్ద పండితుడు ఇమాం మాలిక్‌ను ఒకడు నిలదీశాడు, ఎట్లా ఆసీనుడయ్యాడు చెప్పమని. మాలిక్ తలవంచి, చెమటలు పట్టి, చాలాసేపటికి చెప్పిన జవాబు ఈనాటికీ మసీదుల్లో చెప్పుకుంటారు: ఆ మాట తెలిసిందే, ఎట్లా అన్నది బుద్ధికి అందనిది, నమ్మడం విధి, తవ్వి అడగడం కొత్త పోకడ.

అక్కడి నుంచి దారులు చీలాయి. చెయ్యి అంటే శక్తి, అర్ష్ అంటే అధికారం అని అర్థం చెప్పుకోవచ్చు అన్నవాళ్లు కొందరు. అర్థం మార్చొద్దు, పోలిక తేవొద్దు, ఉన్నది ఉన్నట్టు నమ్మి ఊరుకో అన్నవాళ్లు కొందరు. మన పల్లెల్లో పెద్దవాళ్లు "అల్లా అంతటా ఉన్నాడు" అంటారు, అహ్లె హదీస్ (ఖురాన్‌కు, ప్రవక్త మాటలకే నేరుగా కట్టుబడాలనే వర్గం) కుర్రాళ్లు "కాదు, అర్ష్ పైన ఉన్నాడు, ఆయన జ్ఞానం అంతటా ఉంది" అని సరిదిద్దుతారు. ఒక్కోసారి నమాజుకు ముందు వజూ చేసుకునే, అంటే కాళ్లూ చేతులూ కడుక్కునే కుళాయిల దగ్గరే గొంతులు పెరుగుతాయి. మీ దోస్తు మాటల్ని బట్టి చూస్తే ఆ కుర్రాళ్ల దిక్కు వాడే అనుకుంటున్నా. కానీ ఎవరిని అడిగినా ఒప్పుకునేది ఒకటుంది: కుర్చీ మీద మనిషి కూర్చున్నట్టు మాత్రం కాదు. అట్లా అనుకుంటే 42:11 మొదటి సగం పోయినట్టే. అదే ఖురాన్ 50వ సూరాలో "మెడనరం కన్నా దగ్గరగా ఉన్నాం" అని కూడా ఉంది. పైన ఉండటం, మెడనరం కన్నా దగ్గర ఉండటం రెండూ కుదరాలంటే అది మన జాగా లెక్కల్లో ఉండే ఉనికి కాదన్నమాట. "ఉన్నాం" అని బహువచనం ఎందుకంటావేమో. అది రాజసం కోసం వాడే మేము. మనిషి మాత్రం దువాలో అల్లాను 'తూ' అనే పిలుస్తాడు, మనం దేవుణ్ణి 'నువ్వు' అన్నట్టు.

తొంభైతొమ్మిది పేర్ల గురించి. ఒక్క మనిషినే అమ్మ కొడకా అంటుంది, ఊరు సారూ అంటుంది, మనవడు తాతా అంటాడు అనే పోలిక పిల్లలకు చెప్తాం. పోలిక చిన్నది, పనికి మాత్రం వస్తుంది. వందకు ఒకటి తక్కువ పేర్లున్నాయని ప్రవక్త చెప్పిన హదీసు, అంటే ఆయన మాటల ఉల్లేఖనం ఉంది. అవి వేరు వేరు దేవుళ్ల పేర్లు కావు, దేవుడిలోని భాగాలూ కావు. మన ఊళ్లో కొన్ని పేర్లు ఈ లెక్కతో చూడు. అబ్ద్ అంటే దాసుడు. అబ్దుల్ రహ్మాన్ అంటే రహ్మాన్ దాసుడు. అందుకని ఉత్త "అబ్దుల్" అని పిలిస్తే "యొక్క దాసుడు" అన్నట్టు సగం మాట అవుతుంది. ఉత్త "రహ్మాన్" అని పిలిస్తే ఇంకా ఇబ్బంది, ఆ పేరు అల్లాకు తప్ప ఎవరికీ చెల్లదంటారు. ముప్పై ఏళ్లు హాజరు పట్టీలో "రహ్మాన్" అని పిలిచి "ప్రెజెంట్ సార్" అనిపించుకున్నవాణ్ణి నేనే, ఎవర్ని అంటాను.

నల్లగొండలో లతీఫ్ సాబ్ గుట్ట తెలియనివాడు లేడు కదా. లతీఫ్ కూడా ఆ తొంభైతొమ్మిదిలో ఒకటి. సూక్ష్మమైనవాడు అని ఒక అర్థం, మెత్తగా దయ చూపేవాడు అని ఇంకో అర్థం. ఖురాన్‌లో ఆ పేరు వచ్చే ఒక చోటు చూడు, 6వ సూరా 103: చూపులు ఆయనను అందుకోలేవు, ఆయన చూపులను అందుకుంటాడు, ఆయన లతీఫ్, అన్నీ ఎరిగినవాడు. కనబడడు అని చెప్పిన వాక్యమే దయగలవాడు అన్న అర్థమున్న పేరుతో ముగుస్తుంది.

నమాజులో ఎక్కువగా వినబడే చిన్న సూరా 112వది, ఇఖ్లాస్. నాలుగే వాక్యాలు. అల్లా ఒక్కడు, ఆయన సమద్, ఆయన కనలేదు, ఎవరికీ పుట్టలేదు, ఆయనకు సాటి ఎవరూ లేరు. మూడో వాక్యం వల్లనే ఈసాను, అంటే యేసును, ముస్లింలు గొప్ప ప్రవక్తగా గౌరవిస్తారు కానీ దేవుడి కొడుకు అనరు. అల్లాను తండ్రీ అని కూడా పిలవరు. ఈ సూరాలో తెలుగులోకి తేవడానికి నన్ను ఎక్కువ ఏడిపించిన మాట సమద్. తెలుగు అనువాదాల్లో "నిరపేక్షాపరుడు" అని కనిపిస్తుంది. తెలుగు పండితుణ్ణి, నాకే నోరు తిరగదు, పదో తరగతి పిల్లవాడికి ఏం అర్థమవుతుంది? ఎవరి అవసరమూ లేనివాడు, అందరికీ తన అవసరం ఉన్నవాడు అని భావం. మా అమ్మకు చదువు రాదు, ఆమె చెప్పిన పోలిక వేరు. మా పాత గుడిసెకు నడిమధ్యన నిట్టాడు ఉండేది. వాసాలన్నీ దాని మీద ఆనుకునేవి, అది దేని మీదా ఆనుకోదు, సమద్ అంటే అట్లాంటోడు బిడ్డా అనేది. నేను తెలివిమీరి "నిట్టాడు కూడా నేల మీద నిలబడ్డదే కదమ్మా" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి "సుబ్‌హానల్లా" అంది.

అప్పుడు నవ్వాను కానీ ఆ మాటకు అర్థం చూస్తే అదే సరైన జవాబు. మంచి దృశ్యం కనబడితే సుబ్‌హానల్లా అంటారు కాబట్టి "ఆహా" లాంటిదని అందరూ అనుకుంటారు. అసలు అర్థం, మనం ఆపాదించే లోపాలన్నిటి నుంచి అల్లా దూరం, పవిత్రుడు అని. నీ పోలిక ఎంత బాగున్నా ఒకచోట తెగిపోతుంది, తెగిన చోట ఈ మాట అనుకోవాలి. ముస్లింల విశ్వాస వాక్యమైన కలిమా నడక కూడా ఇదే: లా ఇలాహ, ఏ ఆరాధ్యుడూ లేడు అని ముందు ఖాళీ చేసి, ఇల్లల్లాహ్, అల్లా తప్ప అని ఆ తర్వాత నింపుతుంది.

నాకు సొంతంగా ఇష్టమైన చోటు ఆయతుల్ కుర్సీ, 2వ సూరా 255. అందులో ఆయనకు "సిన" రాదు, "నౌమ్" రాదు అని ఉంటుంది. తెలుగులో వీటికి అచ్చంగా సరిపోయే రెండు మాటలున్నాయి, కునుకు, నిద్ర. త్రీఫేజ్ కరెంటు రాత్రిపూటే ఇచ్చే రోజుల్లో మా నాన్న బోరు మోటరు దగ్గర మంచమేసుకుని కూర్చునేవాడు. నిద్రపోయేవాడు కాదు, కానీ తెల్లారుజామున కునుకు పట్టేది. ఆ కునుకులోనే కరెంటు వచ్చి పోయేది, మడి ఎండేది. నిద్ర ఆపుకోవచ్చు, కునుకు ఆపడం ఎవరి వల్లా కాదు. ఆ వాక్యం నిద్రకన్నా ముందు కునుకును ఎందుకు చెప్పిందో నాకు వ్యాఖ్యానాలు చదివి తెలియలేదు, ఆ మోటరు దగ్గర తెలిసింది. భూమ్యాకాశాలను కాపాడటం ఆయనకు భారం కాదు అని కూడా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు అమ్మల సంగతి. జాన్‌పహాడ్ దర్గా ఇప్పటి లెక్కన సూర్యాపేట జిల్లా పాలకీడు మండలం, పాత లెక్కన మన నల్లగొండే. జనవరిలో ఉర్సు, అంటే దర్గా ఉత్సవం. గంధం ఊరేగింపు నాడు ముస్లింల కన్నా హిందువులే ఎక్కువ కనబడతారు. మన జిల్లాలో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అన్న పేర్లు ఎక్కడివి? ఆ దర్గా మొక్కులవే. మీ ఇంట్లో కూడా ఒక సైదులు ఉండే ఉంటాడు.

దీన్ని ముస్లింలందరూ ఒకే తీరుగా చూడరు. అందరూ ఒప్పుకునేది ఏమిటంటే, అల్లాకు తప్ప ఎవరికీ ఆరాధన చెల్లదు, చెల్లుతుందంటే అది షిర్క్, సాటి కల్పించడం, అంతకు మించిన పాపం లేదు. తేడా ఆ తర్వాత. బరేల్వీ అనిపించుకునేవాళ్లు, దర్గాలను నమ్మేవాళ్లు, ఏమంటారంటే: వలీ, అంటే దర్గాలోని పుణ్యపురుషుడు, దేవుడు కాడు, అల్లాకు ప్రియమైన దాసుడు, ఆయనను ముందు పెట్టుకుని అల్లానే అడుగుతున్నాం, ఇచ్చేది అల్లానే. దేవ్‌బందీలు అనే ఇంకో వర్గంవాళ్లు సమాధి దగ్గరికి పోయి చనిపోయినవాళ్ల కోసం దువా చేయడం సరే, వాళ్లనే అడగడం కుదరదంటారు. అహ్లె హదీస్‌వాళ్లు ఇంకా గట్టిగా ఉంటారు. మక్కా విగ్రహారాధకులు కూడా "అల్లాకు దగ్గర చేస్తాయనే వీటిని కొలుస్తున్నాం" అన్నారని ఖురాన్ 39వ సూరా ఎత్తి చూపుతారు. నీ దోస్తు ఆ మాటే చెప్పి ఉంటాడు. అయితే ఒకటి గుర్తుపెట్టుకో. సమాధికి సజ్దా (నేలకు నుదురు ఆనించి మొక్కడం) చేయొద్దని చెప్పింది ఒక్క వహాబీలే, అంటే దర్గాలను గట్టిగా కాదనేవాళ్లే అని మన దగ్గర ఒక అపోహ. బరేల్వీల పెద్ద అహ్మద్ రజా ఖాన్ (1856–1921) గౌరవం కోసమైనా సరే అల్లాకు తప్ప సజ్దా హరాం అని ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. దర్గాలో నేల మీద నుదురు ఆనించేవాళ్లకు ఈ మూడు వర్గాల్లో దేని మద్దతూ లేదు.

నా అభిప్రాయం అడిగితే, వాదన తేల్చేది అడిగే మాటలోనే ఉంది. "సైదులన్నా, నా బిడ్డకు బాగు చెయ్యి" అనడం వేరు, "యా అల్లా, ఈ మంచిమనిషి పేరు మీద నా బిడ్డకు బాగు చెయ్యి" అనడం వేరు. నేను మొదటి మాట అనను. రెండో మాట అన్నవాళ్లతో కొట్లాటకు పోను. మొదటి మాట అన్న మా అమ్మతో కూడా కొట్లాడలేదు, అది నా ధైర్యం తక్కువ కావచ్చు. పీర్ల పండుగ మాట కూడా వస్తుంది కాబట్టి చెప్తున్నా, పీర్లు అల్లా రూపాలు కావు. 680లో కర్బలాలో చంపబడిన ప్రవక్త మనవడు హుసేన్, ఆయనవాళ్ల జ్ఞాపకంగా నిలిపే గుర్తులు అవి. నమాజులో ముఖం తిప్పే మక్కాలోని కాబా కూడా దిక్కే, దేవుడు కాదు. మనకు పడమర, కాస్త ఉత్తరంగా. అక్కడి నల్లరాయిని ముద్దాడుతూ ఖలీఫా ఉమర్ "నువ్వు రాయివని నాకు తెలుసు, మేలూ కీడూ చేయలేవు, ప్రవక్త ముద్దాడటం చూశాను కనుక ముద్దాడుతున్నా" అన్నాడు.

నువ్వు అడగనిది, కానీ స్టాఫ్‌రూములో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇంకోటుంది. అంత దయగలవాడైతే మర్రిగూడ దిక్కు పిల్లలకు ఆ ఫ్లోరైడ్ నీళ్లేంది, ఆ వంకర కాళ్లేంది? ఆ ప్రాంతంలో నేను పనిచేశాను. పన్నెండేళ్లకే నడుం వంగిన పిల్లవాడికి పద్యం చెప్పాను. ఈ ప్రశ్నకు పాత పండితులు మూడు దిక్కుల నిలబడ్డారు. దేవుడు న్యాయం చేసి తీరాలి, బాధపడ్డవాడికి బదులు ఇవ్వక తప్పదు అని ముఅతజిలా. ఆయన మీద ఎవరూ బాధ్యత పెట్టలేరు, ఆయన చేసిందే న్యాయం అని అష్అరీలు. ఆయన చేసే ప్రతిదాంట్లో వివేకం ఉంటుంది, అది మనకు కనబడాలని లేదు అని మాతురీదీలు. నేను మూడో దిక్కు మనిషిని, కానీ ఆ పిల్లవాడి తల్లి ముందు ఈ మూడింట్లో ఏదీ నా నోటికి రాలేదు. నీళ్ల క్యాన్ మోసుకుపోయి ఇచ్చి వచ్చాను.

దయ సంగతి మాత్రం నిజంగానే మధ్యలో ఉంది. ఖురాన్‌లో 114 సూరాలుంటే 113 "రహ్మాన్, రహీం అయిన అల్లా పేరుతో" అని మొదలవుతాయి, 9వది ఒక్కటే కాదు. ఆ రెండు పేర్లకూ, అరబీలో తల్లి గర్భానికి వాడే మాటకూ ధాతువు ఒకటే. ఖైదీలుగా వచ్చినవాళ్లలో ఒక తల్లి తప్పిపోయిన బిడ్డ కోసం వెతికి వెతికి, దొరకగానే గుండెకు హత్తుకుని పాలిచ్చింది. ప్రవక్త పక్కవాళ్లను అడిగాడు, ఈమె ఈ బిడ్డను నిప్పుల్లో వేస్తుందా అని. చేతనైనంతలో వెయ్యదు అన్నారు. అల్లా తన దాసుల మీద ఇంతకన్నా దయగలవాడు అన్నాడు ఆయన. నా కారుణ్యం నా ఆగ్రహాన్ని మించింది అని అల్లా తన దగ్గర రాసి పెట్టుకున్నాడని ఇంకో హదీసు. శిక్ష లేదని కాదు, ఖురాన్ నిండా హెచ్చరికలున్నాయి. తక్కెడ ఎటు మొగ్గుతుందో చెప్తున్నా.

దేవుడు అన్న తెలుగు మాట వాడొచ్చా అని కొందరు ముస్లిం పిల్లలే అడుగుతున్నారు ఈమధ్య. దేవుడికి దేవుళ్లు అని బహువచనం ఉంది, దేవత అని స్త్రీలింగం ఉంది, అల్లా అన్న మాటకు ఆ రెండూ లేవు, అందుకని వద్దంటారు. సరే, మరి ఖుదా? అది ఫారసీ మాట, ఖురాన్‌లో లేదు, మన తాతముత్తాతలు అదే అన్నారు. అరబ్ దేశాల క్రైస్తవులు తమ బైబిల్లో అల్లా అనే రాసుకుంటారు. నేను తెలుగులో మాట్లాడేటప్పుడు దేవుడు అనే అంటాను. ముస్లిం నమ్మిక ప్రకారం పుట్టించినవాడు ఒక్కడే కనుక "మీ దేవుడు, మా దేవుడు" అన్న లెక్కే లేదు. ఆయన ఎట్లాంటివాడన్న దగ్గరే మనకు తేడాలు, ఆ తేడాలు చిన్నవి కావు, లేనట్టు నటించడం నాకు ఇష్టముండదు.

చివరికి, ఎప్పటికీ కనబడడా? మూసా ప్రవక్త (బైబిల్లో మోషే) చూడాలని అడిగితే కొండ మీద వెలుగు పడి కొండే పిండి అయిందని, మూసా స్పృహ తప్పాడని 7వ సూరాలో ఉంది. ఈ లోకంలో ఈ కళ్లకు అంతే. పరలోకంలో మాత్రం నమ్మినవాళ్లు చూస్తారని సున్నీల నమ్మకం. ముఅతజిలా, షియాలు అక్కడ కూడా కుదరదంటారు. సున్నీలు చూపే హదీసులో, పున్నమి చంద్రుణ్ణి చూసినట్టు చూస్తారు, చూడటానికి ఒకరినొకరు తోసుకోనక్కర్లేదు అని ఉంటుంది. ఇమాం సాబ్ ఇది చెప్పినప్పుడల్లా మా అమ్మ ప్రాణం లేచి వచ్చేది. జాన్‌పహాడ్ గంధం నాడు తొక్కిసలాటలో ఆమె ఒకసారి చెప్పులు, ఇంకోసారి నన్ను పోగొట్టుకుంది. "తోపులాట లేదట్నే?" అని ఇంటికొచ్చాక మళ్లీ నన్ను అడిగి రూఢి చేసుకునేది.